రోజు విడిచి రోజు వచ్చే జ్వరం

భద్రాచలంలో ఒక టైర్ల దుకాణం పైగదిలో నేను ఏడేళ్లు జనరల్ నాలెడ్జ్ చెప్పాను. రెండు వేల సంవత్సరం దాటాక జరిగిన సంగతి ఇది. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు కింద పంక్చర్లు వేసే చోట చెప్పులు విడిచి, ఇనుప మెట్లెక్కి పైకి వచ్చేవారు. పొద్దున సైన్సు, ప్రకృతి, చరిత్ర. సాయంత్రం తత్వశాస్త్రం, మతాలు, వర్తమాన విషయాలు. సృష్టిలో ఉన్నదంతా ఆ గదిలో ఒక ప్రశ్న, దాని కింద నాలుగు జవాబులు అయిపోయేది. వాటిని బిట్లు అనేవాళ్లం. పత్రహరితంలో ఉండే లోహం ఏది? ఆకాశం నీలంగా కనబడటానికి కారణం ఏది? బుద్ధుడు తొలి ఉపదేశం ఎక్కడ చేశాడు? అద్వైతానికి నేను కేటాయించిన సమయం రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లోనే ద్వైతం కూడా అయిపోయేది.

మాది తిరుమలాయపాలెం వైపు ఊరు. మా నాన్న చర్చి సంఘంలో ఆదివారం బడి నడిపేవాడు. ఆరాధన అయ్యాక పిల్లలకు ప్రశ్నల పోటీ పెట్టేవాడు. జలప్రళయంలో తేలిన ఓడ పొడవు ఎన్ని మూరలు, దేవుని ప్రజలు అడవిలో ఎన్నేళ్లు తిరిగారు, ఇలాంటివి. ముందు చెయ్యెత్తి చెప్పినవాడికి స్టీలు గ్లాసు. మా ఇంట్లో నేను గెలిచిన గ్లాసులే పదకొండు ఉండేవి. ఆ ఓడ ఎక్కనివాళ్లు ఏమయ్యారని నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఎవరూ గ్లాసు ఇవ్వని ప్రశ్న అది.

పెద్దయ్యాక అవే పోటీ పరీక్షలు ఐదుసార్లు రాసి ఐదుసార్లూ తప్పాను. ఉద్యోగం రానివాడు ఉద్యోగం వచ్చే దారి చెప్పడం మా వైపు వింతేమీ కాదు. కానీ ఓడిపోయినవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. తనకు తెలియనిది ఏదీ లేదని రోజూ ఎవరికో ఒకరికి చూపించుకోవాలి. టీ కొట్టు దగ్గర అడిగినా, బస్సులో అడిగినా, చావింట్లో అడిగినా జవాబు చెప్పేవాడిని. మా పరీక్షల్లో అప్పట్లో తప్పు జవాబుకు మార్కు కోసేవారు కాదు. అందుకే మొదటి రోజే పిల్లలకు ఒక మాట నూరిపోసేవాడిని: "ఒక్క బిట్టు కూడా ఇడిచిపెట్టొద్దు. తెల్వకపోతే ఏదో ఒకటి దిద్దున్రి. పోయేదేం లేదు." నా బతుకు కూడా అదే పద్ధతిలో నడిచింది.

ఆ గదిలోకి ఒక ఏడాది ఒక కోయ మనిషి వచ్చాడు. ముప్పై ఏళ్లు ఎప్పుడో దాటాడు. భద్రాచలానికి గంటన్నర బస్సు ప్రయాణం, దిగాక వాగు దాటి నడక, అక్కడ వాళ్ల ఊరు. ఊళ్లో పిల్లలకు చదువు చెబుతూ, ఎప్పుడు తీసేస్తారో తెలియని తాత్కాలిక పనిలో ఉన్నాడు. కూతురు హాస్టల్లో చదువుతోంది. సడలింపులన్నీ కలిపినా వయసు ఆ ఒక్క పరీక్షకే మిగిలింది. అందుకని రెండు నెలలు పని మానుకుని, భద్రాచలంలో ఇంకో ఇద్దరితో కలిసి గది కిరాయికి తీసుకున్నాడు. భార్య ప్రతి సంతరోజూ బస్సులో బియ్యం, కూరగాయలు తెచ్చిచ్చి సాయంత్రం బస్సుకు వెళ్లిపోయేది.

నేను చూసిన విద్యార్థుల్లో అంత తెలివైనవాడు లేడు. జవాబు చెప్పి ఊరుకునేవాడు కాదు, ప్రశ్నను తిరగేసి చూసేవాడు. ఇప్పచెట్టు శాస్త్రీయ నామం చెప్పమంటే చెప్పి, "పేరైతే రాస్త సార్. పువ్వు పొద్దు పొడవకముందే ఎందుకు రాలుతదో పరీక్షల అడగరా?" అన్నాడు. అడగరన్నాను. "అడిగితే మా ఊరోళ్లందరికీ నౌకరీలొచ్చు," అన్నాడు. క్లాసంతా నవ్వింది.

ఇంకోరోజు దుఃఖానికి కారణం కోరిక అని బోర్డు మీద రాస్తున్నాను. వెనక నుంచి అతని గొంతు.

"సార్, గా కోరికల సర్కారు నౌకరీ కూడ లెక్కకొస్తదా?"

"వస్తది తమ్మీ."

"మరి గిది సదువుకుంట ఈడెందుకు కూసున్నం సార్?"

నేను కూడా నవ్వాను. ఆ రాత ఎదురుగా బోర్డు మీద ఉండగానే తర్వాతి బిట్టుకు వెళ్లిపోయాను.

నా గది నుంచి మూడేళ్లుగా ఒక్కరికీ ఉద్యోగం రాలేదు. వంతెన వైపు వీధిలో ఇంకొకాయన కోచింగ్ పెట్టాడు. ఉద్యోగాలొచ్చినవాళ్ల ఫొటోలు గోడలకు అంటించేవాడు. ఆ ఏడు నాకు ఒక్క ఫొటో కావాలి. ఇతనికి వస్తుందని నాకు గట్టి నమ్మకం. ఒక ఇస్త్రీ చొక్కా తెప్పించి తొడిగించి, స్టూడియోకు నేనే తీసుకెళ్లి ఫొటో కూడా తీయించి పెట్టుకున్నాను. అతను సిగ్గుపడుతూ, "రానీయున్రి సార్, ఇంక రాకముందే ఏందిది," అన్నాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసింది తెలివితక్కువతనం వల్ల చేశానని ఎవరూ అనుకోకూడదు.

వర్షాలు పట్టుకున్నాయి. పరీక్షకు పదహారు రోజులు ఉందనగా అతనికి జ్వరం వచ్చింది. ఒళ్లు వణుకుతుంటే దుప్పటి కప్పుకునే క్లాసుకు వచ్చాడు. జ్వరం దిగిన పూట మామూలుగా ఉండేవాడు, మిగతావాళ్ల కంటే ముందే జవాబు చెప్పేవాడు. మందుల దుకాణంలో అడిగి జ్వరం బిళ్లలు నేనే తెచ్చిచ్చాను. "పరీక్ష దగ్గరకొస్తే అందరికీ వస్తది," అన్నాను. ఐదో రోజు సంత. అతని భార్య బియ్యం మూట నెత్తి మీద పెట్టుకుని, గదిలో అతను లేకపోయేసరికి నేరుగా మా మెట్లెక్కి వచ్చింది. క్లాసు నడుస్తోంది. గుమ్మం దగ్గర నిలబడి అతన్ని చూసింది, నన్ను చూసింది.

"సారూ, ఈయనకు జరం ఇడిసిపెడుతలేదంట. ఊరికి తోల్కపోత. మా కాడ సూది పొడిసి గాజుపలక మీద రగతం తీస్తరు. గోలీలిస్తరు."

"ఊరికి పోతే వారం పోతదమ్మా. వానలు. వాగొస్తే మళ్ల ఎట్లొస్తడు? పరీక్ష నెత్తి మీదున్నది."

"పరీచ్చ మళ్లొచ్చేడు రాయరాదా?"

"ఈయనకు మళ్లొచ్చేడు లేదు. వయసైపోతది."

ఆమెకు ఆ సంగతి తెలుసు. అయినా కదల్లేదు. "నాకు సలిజరమేమోనని బయం సారూ. మా అత్త గట్లనే పోయింది."

చలిజ్వరం అంటే మలేరియా. ఆ మాట వినగానే నా ఒళ్లంతా హుషారెక్కింది. నాకు కంఠతా వచ్చిన అంశం అది.

"రోజూ వస్తుందా, రోజు విడిచి రోజు వస్తుందా?"

"రోజూ వస్తది. ఒకపాలి పొద్దంత ఉంటది, ఒకపాలి గంటల దిగుతది. ఒక తీరు లేదు."

"అయితే మలేరియా కాదు," అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద దోమ బొమ్మ వేశాను. ఆడ ఎనాఫిలిస్. అక్కడి నుంచి బాణం గీసి కాలేయం, ఇంకో బాణం గీసి ఎర్ర రక్తకణం. పరాన్నజీవి కణాన్ని పగలగొట్టుకుని బయటికి రావడానికి నలభై ఎనిమిది గంటలు పడుతుంది, అందుకే జ్వరం రోజు విడిచి రోజు వస్తుంది, రోజూ వచ్చేది మామూలు వైరల్ జ్వరం, అని ఆమెకు వివరించాను. చదువు రాని మనిషికి, తల మీద మూటతో నిలబడ్డ మనిషికి బాణాలు చూపించి చెప్పాను. ఆమె బోర్డు వైపు చూడలేదు, భర్త ముఖమే చూస్తోంది. క్లాసు మొత్తం ఆ బొమ్మను రాసుకుంటోంది. అతను కూడా దుప్పటిలోంచి చెయ్యి బయటికి తీసి రాసుకున్నాడు.

"మా అత్తకు గూడ రోజూ వచ్చింది సారూ," అందామె చిన్నగా. "వారం తిరగలే."

ముందు బెంచీలో కూర్చున్న కొత్తగూడెం అబ్బాయి ఒకడు అందుకున్నాడు. "అక్కా, నువ్ సెప్పే దోమ సదువుకోలే. మా సారు సెప్పే దోమ క్యాలెండర్ సూసి కుడతది."

అందరూ నవ్వారు. అతను కూడా నవ్వాడు. నవ్వుతూనే భార్యతో వాళ్ల భాషలో ఏదో అన్నాడు. ఆమె మూటను గోడ పక్కన దించి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

నాకు తెలిసింది ఒక రకం మలేరియా గురించి. మా అడవుల్లో మనుషుల్ని చంపేది ఇంకో రకం. దాని జ్వరానికి లెక్క ఉండదు, ఏ పూటైనా వస్తుంది. అది నా పుస్తకంలో తర్వాతి పేజీలోనే ఉంది. బిట్లు తక్కువగా వస్తాయని ఆ పేజీ నేనెప్పుడూ చదవలేదు. ఆమెకు అది అత్త చావులో తెలిసింది.

ఇక్కడ ఇంకొక నిజం ఒప్పుకోవాలి. రక్తపరీక్ష చేసే చోటు మా మెట్లు దిగితే పది నిమిషాల నడక. ఊరికి పంపనక్కర్లేదు. ఆ సాయంత్రమే చేయించవచ్చు. ఆ ఆలోచన నాకు వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పలేను. కానీ రక్తపరీక్షలో మలేరియా అని తేలితే క్లాసు ముందు నేను గీసిన బాణాలన్నీ తప్పవుతాయి. చదువు రాని ఆడమనిషి మాట నిజమవుతుంది. పైగా అతన్ని పడుకోబెడతారు, నా ఫొటో పోతుంది. ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి నా మనసులో నడిచాయి. నాకు తెలియదన్న సంగతి నాకు తెలుసు.

ఎనిమిదో రోజు ఉదయం క్లాసులో అతన్ని ఒక సులువైన బిట్టు అడిగాను. లేచి నిలబడి, నా వైపు చూస్తూ కోయలో ఏదో చెప్పాడు. చాలాసేపు, ఓపికగా, నాకు ఏదో వివరిస్తున్నట్టు చెప్పాడు. కొత్తగూడెం అబ్బాయి నవ్వబోయి ఆగిపోయాడు. నేను కసిరాను. "నిద్ర లేకుండ చదివితే గిట్లనే ఐతది. పోయి పడుకో." అతను చెప్పులు వేసుకోకుండానే వెళ్లిపోయాడు. ఆ చెప్పులు సాయంత్రం దాకా టైర్ల పక్కనే ఉన్నాయి. మెట్లు ఎక్కేటప్పుడు చూశాను, దిగేటప్పుడు కూడా చూశాను.

మర్నాడు పొద్దున గదిలో ఉండే ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. "సార్, ఎంత లేపినా లేస్తలేడు." ఆటోలో దవాఖానాకు తీసుకెళ్లాం. పళ్లు గట్టిగా బిగుసుకుపోయి ఉన్నాయి. డాక్టరు యువకుడే. కనురెప్పలు ఎత్తి చూశాడు, రక్తం తీయించాడు. తెచ్చినవాళ్లలో పెద్దవాడిని నేనే కాబట్టి నన్ను అడిగాడు.

"ఎన్ని రోజుల నుంచి జ్వరం?"

"మూడు రోజులు," అన్నాను.

ఎందుకు అలా అన్నానో ఇన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను. భయం కాదు. అడిగిన వెంటనే నోట్లోంచి వచ్చేసింది. మూడు రోజులైతే నా తప్పు ఉండదు కదా. నా పక్కనున్న ఇద్దరూ తలలు దించుకున్నారు. వాళ్లకు నేను సారును.

గాజుపలక చూసి వచ్చాక డాక్టరు, మలేరియా మెదడుకు ఎక్కిందన్నాడు. చేతికి సెలైను పెట్టారు, అందులో మందు కలిపారు. మధ్యాహ్నానికి కబురందుకుని ఆమె వచ్చింది, బస్సు దిగి పరుగెత్తిందో ఏమో, పాదాల నిండా బురద. మంచం పక్కన నిలబడి భర్త అరికాలు పట్టుకుంది. డాక్టరు ఆమెను మందలించాడు, "మూడు రోజులు ఇంట్లో పెట్టుకుంటే ఎట్లమ్మా? మొదటి రోజే రావాలి గదా."

ఆమె డాక్టరును చూసి, తర్వాత నన్ను చూసింది. "మూడెక్కడియి సారూ? తొమ్మిదిరోజులాయె."

డాక్టరు నా వైపు తిరిగాడు. రాసుకున్న కాగితం మీద మూడు కొట్టేసి తొమ్మిది వేశాడు. నేను నీళ్లు తెస్తానని చెప్పి బయటికి వచ్చాను.

నాలుగు రోజులు అతను కళ్లు తెరవలేదు. పరీక్ష ఆదివారం వచ్చింది. కోచింగ్ సార్లు పరీక్ష కేంద్రం గేటు బయట నిలబడి పిల్లలకు ధైర్యం చెప్పడం మావైపు అలవాటు. నేను దవాఖానాలో ఉండాల్సినవాడిని. పొద్దున్నే బస్సెక్కి ఖమ్మం వెళ్లాను. గేటు దగ్గర అందరి భుజాలూ తట్టాను. బయటికి వచ్చాక వాళ్లు కాగితం చుట్టూ మూగి, "ఇది ఏది సార్, ఇది ఏది సార్," అని అడుగుతుంటే చెట్టు కింద నిలబడి జవాబులు చెప్పాను. వంతెన వైపు వీధి ఆయన నాకు కొంచెం దూరంలో నిలబడి అదే పని చేస్తున్నాడు. ఇద్దరం ఒకరికంటే ఒకరం గట్టిగా చెప్పాం.

అతను బతికాడు. బతికాడన్న మాట చెప్పి అక్కడితో ఆపేయాలనిపిస్తుంది. నడక తిరిగొచ్చింది కానీ కాళ్లు తడబడేవి. కుడి చెయ్యి వణికేది. మాట మెల్లగా, ముక్కలుగా వచ్చేది. చదువు మాత్రం రాలేదు. అక్షరాలను చూసి, ఇవి తనకు తెలిసినవేనని గుర్తుపట్టేవాడు, అంతకు మించి కుదిరేది కాదు. కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. ఊళ్లో తాత్కాలిక పని ఇంకొకరికి పోయింది.

మా సంఘంలో నెలకోసారి సాక్ష్యాలు చెప్పే ఆదివారం ఉంటుంది. ఎవరికి ఏ ఆపద వచ్చిందో, ప్రభువు ఎలా తప్పించాడో లేచి చెబుతారు. ఒకసారి మా నాన్న నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు కూడ చెప్పరా, ఆ పిలగాడు సావు నుంచి లేచిండు గదా," అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. చెప్పడానికి నోరు తెరిస్తే అందులో నేను ఏ వైపు ఉన్నానో కనబడింది. తప్పించబడ్డవాణ్ని కాదు, తప్పించాల్సిన ఆపదను. గొంతు బాగాలేదని చెప్పి కూర్చున్నాను. పాపాలు ఒప్పుకుంటే క్షమాపణ ఉందని చిన్నప్పటి నుంచి విన్నాను, అదీ ఒక జవాబుగా గెలిచి గ్లాసు తెచ్చుకున్నాను. ఎవరి దగ్గర ఒప్పుకోవాలో మాత్రం తెలిసి కూడా ఐదు నెలలు ఆ ఊరి బస్సు ఎక్కలేదు.

ఎండలు మొదలయ్యాక వెళ్లాను. వాగు ఎండిపోయి ఇసుక తేలి ఉంది. వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోసి ఉంది. అతను నులకమంచం మీద కూర్చుని కోళ్లను అదిలిస్తున్నాడు. నన్ను చూడగానే ముఖం విప్పారింది. "సారొచ్చిండు," అన్నాడు భార్యతో. నా మీద అతనికి కోపం లేదు. ఏం జరిగిందో అతనికి గుర్తు లేదు, ఆమె చెప్పలేదు.

అతను లోపలికి వెళ్లినప్పుడు ఆమెతో అన్నాను. "తప్పు నాదమ్మా. ఆ రోజు నువ్వు చెప్పిందే నిజం. నేను కావాలనే ఆపిన."

ఆమె పువ్వును చేత్తో కలుపుతూనే ఉంది. "ఎరికే సారూ," అంది. "గప్పుడే ఎరికైంది." పువ్వులోంచి ఒక పుల్ల ఏరి పారేసి, "నేను గూడ ఆయన్ను చెయ్యి పట్టి గుంజుకపోవల్సింది. నవ్విన్రని సిగ్గుపడ్డ," అంది.

ఆమె లేచి లోపలికి వెళ్లి, పాత చీరలో కట్టిన ఒక మూట తెచ్చి నా ముందు పెట్టింది. అతని నోట్సులు. పది పన్నెండు ఉంటాయి.

"ఇయ్యి తీస్కపోరి. రోజూ ముందల ఏస్కొని కూసుంటడు. తిరగేస్తడు, తిరగేస్తడు, ఏడుస్తడు. కాల్సేద్దామంటే నాకు చేతులాడలే. మీరే ఇచ్చిన సదువాయె, మీరే తీస్కపోరి."

నేను మూట చంకలో పెట్టుకుని బయల్దేరాను. వాగు మధ్యకు వచ్చేసరికి వెనక అడుగుల చప్పుడు. అతను వస్తున్నాడు. ఇసుకలో కాళ్లు దిగబడుతున్నాయి, ఒక్కో కాలూ పీక్కుంటూ వస్తున్నాడు.

"సార్... సార్... నా నోట్సు. అవి నాయి సార్."

గట్టు మీద ఆమె నిలబడి ఉంది. వెళ్లిపొమ్మని చేత్తో సైగ చేసింది. ఒకవైపు అతను చెయ్యి చాచి ఉన్నాడు, ఒకవైపు ఆమె చెయ్యి ఊపుతోంది. ఆమె మాట ఒకసారి వినలేదు కాబట్టి ఈసారి విన్నాను. లేకపోతే అతని కళ్లలోకి చూడలేక అలా చేశానేమో, అది కూడా నాకు తేలలేదు. ముందుకు నడిచాను. వెనక అతను ఇసుకలో కూలబడిన చప్పుడు విన్నాను. లేస్తున్నాడో లేదో చూడలేదు. అవతలి గట్టు ఎక్కేదాకా నన్ను పిలుస్తూనే ఉన్నాడు, మర్యాద తప్పకుండా, సార్ అని.